కౌలు ఆట

చందా అన్నది పారసీకం నుంచి వచ్చి మన భాషలో స్థిరపడిన మాట. మా తరం వారికి దాని అర్థం సుస్పష్టం. ఏడాదికి ఇంత అని డబ్బు కడితే తపాలా బంట్రోతు వారం వారం పత్రిక తెచ్చి ఇచ్చేవాడు. చందా మానేస్తే రావడం ఆగిపోయేది. వచ్చినవి మాత్రం ఎక్కడికీ పోయేవి కావు. అటక మీద ఉండేవి, చెదలు పట్టేవరకూ మనవే. నచ్చిన సీరియల్ ఉంటే ఆ పుటలు విడదీసి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి బైండు చేసుకునేవాళ్ళం. మా ఇంట్లో ఇప్పటికీ అలాంటి బైండ్లు పదకొండు ఉన్నాయి. అందులో ఒకదానికి ముగింపు లేదు. ఆ వారం సంచిక మా మేనత్త చదివి ఇస్తానని పట్టుకుపోయింది. కథ చివరికి ఏమయిందో ఆవిడ నోట విన్నదే నాకు ప్రమాణం.

ఈ మాటకు మరొక అర్థం ఉందని మా మనుమడి పుణ్యమా అని తెలిసింది. హైదరాబాదులో ఉండే మా అమ్మాయి కొడుకు. పండిత భాషలో దౌహిత్రుడు. ఆ మాట వాడికి చెబితే ఏదో ఆటలో రాక్షసుడి పేరనుకున్నాడు. నెలకు ఇంతని చందా కడితే వాడికి వందలకొద్దీ వీడియో ఆటలు అందుబాటులోకి వస్తాయి. ఏదైనా ఎంతసేపైనా ఆడుకోవచ్చు. అయితే ఆ ఆటలన్నీ అక్కడ శాశ్వతంగా ఉండవు. కొత్తవి వస్తుంటే కొన్ని పాతవి వెళ్ళిపోతుంటాయి. వెళ్ళిపోయిన ఆట ఇంట్లో యంత్రంలో దిగి ఉన్నా సరే, ఇక తెరుచుకోదు.

కారణం తెలిస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఆట తయారుచేసినవారికీ చందా నడిపేవారికీ మధ్య కొంత కాలానికే ఒప్పందం ఉంటుంది. గడువు తీరాక ఇద్దరిలో ఒకరికి గిట్టుబాటు కాకపోతే ఆట బయటికి పోతుంది. మైక్రోసాఫ్టు వారి గేమ్ పాస్ 2017లో మొదలైంది. అందులో సాధారణంగా నెల మధ్యలో కొన్ని, నెలాఖరున కొన్ని వెళ్ళిపోతుంటాయి. రెండు వారాల ముందు జాబితా వేస్తారు. ఆపిల్ ఆర్కేడ్ 2019లో వచ్చింది, 2022 నుంచి అందులోనూ నిష్క్రమణలు మొదలయ్యాయి. మాన్యుమెంట్ వ్యాలీ అనే చక్కని ఆట మూడవ భాగం 2024 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలై, 2025 జూలైలో మొదటి రెండు భాగాలతో సహా అక్కడినుంచి వెళ్ళిపోయింది. పట్టుమని ఎనిమిది నెలలు కూడా లేదు. మా ఊళ్ళో కొత్త కోడలు సైతం పుట్టింటికి ఇంత త్వరగా తిరిగి వెళ్ళదు.

ఇక మా వాడి సంగతి. ఎనిమిది నెలలపాటు వాడు ఒక వ్యవసాయపు ఆట ఆడాడు. ఆట పేరు, చందా ఎవరిదన్నదీ ఇక్కడ అప్రస్తుతం. మొదట ఒక బీడు భూమి ఇస్తారు. రాళ్ళు ఏరి, కంపలు కొట్టి, విత్తనాలు కొని నాటి, నీళ్ళు పోసి, పంట అమ్ముకోవాలి. ఋతువులు మారతాయి. కాలం కాని కాలంలో వేసిన పైరు ఎండిపోతుంది. సాయంత్రమయ్యేసరికి ఫోను వచ్చేది. "తాతయ్యా, మిరప ఇప్పుడు వేయొచ్చా?" "ఎన్నాళ్ళకు కాపుకొస్తుందిరా నాన్నా అది?" "అయిదు రోజులకు." అటువంటి మిరప పల్నాటి రేగడిలో పండి ఉంటే ఇక్కడ అప్పులనే మాటే వినిపించేది కాదు.

కానీ వాడి ప్రశ్నలు మాత్రం కల్ల కాదు. ఒకే మడిలో ఒకే పైరు ఏటేటా వేయకూడదని చెబితే, ఆటలో ఆ నియమం లేకపోయినా పంట మార్చి వేశాడు. శావల్యాపురంలో మాకు ఎకరం అరవై సెంట్లు ఉంది. సెలవుల్లో వచ్చినప్పుడు చూసినదాన్ని గుర్తు పెట్టుకుని, ఆటలోనూ ఈశాన్యాన బావి, దక్షిణం గట్టున ఒక పెద్ద చెట్టు పెట్టుకున్నాడు. చింతచెట్టు దొరకలేదట, ఏదో విదేశీ వృక్షంతో సరిపెట్టాడు. ఆవుకు గౌరి అని పేరు. సాగర్ కుడి కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారని వాడు నన్ను అడిగిన రోజున మా అమ్మాయి కూడా విస్తుపోయింది. నా తరువాత ఆ పొలాన్ని అమ్మేయడమే మేలని ఆమె అభిప్రాయం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, చూసుకునేవాళ్ళు లేరు కదా. అయినా ఆ ఎనిమిది నెలలూ ఆ మాట మా మధ్య రాలేదు.

ఒకనాడు ఆ ఆట పేరు కూడా జాబితాలోకి ఎక్కింది. పదమూడు రోజుల గడువు. వాడు ఏడవలేదు. "తాతయ్యా, నా పొలం తీసేసుకుంటున్నారు" అన్నాడు.

ఈ వాక్యాన్ని నేను ఈ ప్రాంతంలో ఎందరి నోటనో విన్నాను. బళ్ళో నా దగ్గర చదివిన పిల్లల్లో సగంమంది తండ్రులు కౌలు రైతులు. ఉగాదికి మాట అనుకోవడం, మళ్ళీ ఉగాదికి ఆ మాట ఉంటుందో ఉండదో అని ఎదురుచూడడం. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం మీద కౌలుదారుకు ఒక కార్డు ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. భూమి ఎక్కడ చేజారుతుందోనని సంతకానికి జంకేవారే ఎక్కువ. మా పొలం చేసే అతనికి నేను సంతకం పెట్టి ఇచ్చాను. ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు, కౌలు అంటే ఏమిటో మా వాడికి చెప్పవలసి వచ్చినప్పుడు అక్కడినుంచే మొదలుపెట్టాను గనుక.

అయితే పోలిక పూర్తిగా అతకదు. పొలం వదిలిన కౌలుదారు కోసిన పంట తనతో తీసుకుపోతాడు. కట్టెలు, చొప్ప సైతం బండికెత్తుకుంటాడు. మా వాడికి ఆ వీలు లేదు. పండించినదంతా అక్కడే ఉంటుంది, గేటుకు మాత్రం తాళం పడుతుంది. కొన్ని చందాల్లో ఆడినంతవరకూ దాచిన లెక్క చెక్కుచెదరక ఉంటుందనీ, ఆట కొనుక్కుంటే విడిచిన చోటినుంచి మొదలుపెట్టవచ్చనీ అంటారు. పుస్తకం పట్టుకుపోయి, ఎన్నో పుటలో ఉన్నామో గుర్తుకు పెట్టుకున్న నెమలీక మనకు ఇచ్చినట్టు.

నా పింఛనులోంచి డబ్బిస్తాను, కొనుక్కోమన్నాను. "కొన్నా మనది కాదంట తాతయ్యా" అన్నాడు. పదమూడేళ్ళవాడు అన్న మాట గదా అని నేనూ కొంత వెతికి చూశాను. వాడన్నది నిజమే. యూబీసాఫ్టు సంస్థ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు మూసేసింది. డబ్బు పోసి కొన్నవారికీ అది దక్కలేదు. ఇలాంటివి చూసే కాబోలు, కాలిఫోర్నియాలో ఒక చట్టం చేశారు. అమ్ముతున్నది వస్తువు కాదు, లైసెన్సు మాత్రమే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదట. 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. పుస్తకాల విషయంలో ఈ ముచ్చట ఇంకా ముందే జరిగింది. 2009లో అమెజాన్ వారు పాఠకుల కిండిల్ యంత్రాల్లోంచి కొన్ని పుస్తకాలను చెప్పాపెట్టకుండా వెనక్కి లాగేసుకుని డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ పుస్తకాల్లో ఆర్వెల్ రాసిన '1984' ఒకటి! చదివినవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మరి పదమూడు రోజులు ఏం చేయాలి? వాడి స్నేహితులు చెప్పిన ఉపాయం, రాత్రింబవళ్ళు ఆడి ఆటను ముగించడం. నాకది సుతరామూ నచ్చలేదు. మార్చి నెలలో పాఠ్యాంశాలు పూర్తి చేయడానికి మేం పడిన పరుగులే జ్ఞాపకానికి వచ్చాయి. అలా చెప్పిన పద్యం ఏ పిల్లవాడి గుండెలో నిలిచింది గనుక? రైతు చేసే పని చేయమన్నాను. కొత్తగా ఏదీ నాటవద్దు. చేతికొచ్చింది కోయి. గట్లు సరిచెయ్యి. ఏ మడిలో ఏముందో నాకు చెప్పు, రాసుకుంటాను. రోజుకు అరగంట. నా దగ్గర ఇరవై పుటల నోటుపుస్తకం ఒకటి ఖాళీగా ఉంది. వాడు ఫోనులో చెబుతుంటే నేను పటం గీశాను. బావి, చెట్టు, కొట్టం, తొమ్మిది మళ్ళు, ఒక్కో మడికి ఋతువువారీగా పంట, రాబడి. వాడి అంకెలు, నా దస్తూరి.

ఆఖరి రాత్రి పంటంతా అమ్మేశాడు గానీ గౌరిని అమ్మనన్నాడు. మేత వేసి, కొట్టం తలుపు తీసి ఉంచి, ఆట మూసేశాడట.

తరువాత కొన్నాళ్ళు నేను వాడికి మన ఆటల గొప్ప చెప్పాను. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడి బొంగరాలాట ఘట్టం చెప్పాను. ఆ బొంగరం ఒక స్త్రీ కాలికి తగలడం, ఆవిడ మాటల వల్లనే అతడికి యుద్ధం సంగతి తెలియడం. గుడి మంటపాల బండల మీద చెక్కిన పులీమేక గళ్ళ గురించి చెప్పాను. వాటికి చందా లేదు, గడువు లేదు, వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు అన్నాను. వాడు శ్రద్ధగా విని, "మరి మీ ఊళ్ళో ఇప్పుడు బొంగరం ఎవరు ఆడుతున్నారు తాతయ్యా?" అని అడిగాడు. ఎవరూ ఆడడం లేదు. ఆ మాటే చెప్పాను. ఎవరూ తీసేయకుండానే వెళ్ళిపోయే ఆటలూ ఉంటాయి మరి.

ఇప్పుడు వాడు వేరే ఆట ఆడుతున్నాడు, అంతరిక్షంలో ఏదో. అది కూడా చందాలోదే. నెల మొదట్లో జాబితా ముందు చూసుకుని, తరువాతే ఏది ఆడాలో నిర్ణయించుకుంటున్నాడు. నోటుపుస్తకం నా బల్ల సొరుగులో ఉంది. పోయిన వారం పటం ఫోటో తీసి పంపమని అడిగితే పంపాను. ఈ ఏడు మా పొలంలో మిరపే వేశారా అని ఆరా తీశాడు. పత్తి వేశారని చెప్పాను. దక్షిణం గట్టు పక్క మడిలో మాత్రం కంది వేసి ఉంటే బాగుండేదని వాడి తాజా అభిప్రాయం.