అటక దిగిన బాయిలరు

గీజరు స్విచ్చి వేస్తే ఎర్రలైటు వెలుగుతుంది. అంతకుమించి దాని కడుపులో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు. పాత రాగి బాయిలరు అలా కాదు. నడుమ నిప్పుగొట్టం, చుట్టూ నీళ్లు, అడుగున బూడిద రాలే ఊచలు, పక్కన గరాటు. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి దిగి, పైకి తేలిన వేన్నీళ్లను బయటికి నెడతాయి. పోసినన్నే వస్తాయి.

మా బాయిలరు మామగారు ఎప్పుడో విజయనగరంలో కొన్నదట. (ఇత్తడి సామాను అనగానే మావాళ్లు బుడితి పేరు చెబుతారు గానీ, ఇది అక్కడిది కాదు.)

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలూ అంతే. అప్పటికి మా అమ్మాయి పదిరోజుల బాలింత. తల్లికీ బిడ్డకీ వేన్నీళ్లు కావాలి. గ్యాసు చూస్తే ఒక్క సిలిండరు, అదీ వంటకే చాలాలి. దారుల నిండా పడిపోయిన చెట్లు. దాన్ని పాతసామాన్లవాడికి వేసెయ్యమని ఏళ్లతరబడి పోరిన మా ఆయనే నిచ్చెన వేసి బాయిలరు దింపారు!

నూతి నీళ్లు నింపి అంటిస్తే పొగంతా కిందినుంచి ముఖం మీదకే తన్నింది. గంటైనా నీళ్లు గోరువెచ్చన దాటలేదు. పశువుల సాలలో తడవకుండా మిగిలిన కొబ్బరిడొక్కలు తెచ్చి పెట్టినా అదే వరస. గదిలో పసిగుడ్డు ఏడుపు.

"పొగ పైకెల్లకపోతే మంటెలా అందుకుంటాదే? ముందు గొట్టం సూడండి" అంది అత్తయ్య, మంచం మీంచే.

మంట చల్లార్చి పొగగొట్టం ఊడదీశాం. లోపల మసి పెచ్చులు, వాటి మధ్య కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూళ్లు! వెదురుకర్రకి గోనెపట్టా చుట్టి తోమితే దోసెడు రాలాయి. ఊచల మధ్య ఇరుక్కున్న పాత బూడిదా గీకేశాం. ఈసారి మంట గుయ్యిమని లేచింది.

అంతలో కొళాయి మొదట్లో చుక్కలు. నీళ్లు దించేసి చూద్దామన్నారు మా ఆయన. "నిప్పు తియ్యకుండా నీలు దించకండి, అతుకు ఊడిపోద్ది" అని గదిమింది అత్తయ్య. నిజమే. లోపల నీళ్లుంటే వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఖాళీ అయితే తగరం, సీసం కలిపి పోసిన అతుకు కరగడానికి ఎంతోసేపు పట్టదు. నిప్పు తీసి, చల్లారనిచ్చి, కొళాయి మరకి గోగునార బిగించి చుట్టాం. చుక్క ఆగింది.

మనవరాలికి స్నానం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

కరెంటు వచ్చేదాకా మా పెరట్లో మూడిళ్ల బకెట్లు వరసకట్టాయి. ఎన్ని వేన్నీళ్లు పట్టుకుంటే అన్ని చన్నీళ్లు పోసి వెళ్లాలని అత్తయ్య షరతు.