టోపీదార్ బందూక్

మా దాదాకి కొమరోలు దగ్గర ఓ చేను, ఓ టోపీదార్ బందూక్ ఉండేవి. చేను వేరుశనగకు, బందూక్ నల్లమల దిగొచ్చే అడవి పందులకు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో జమ చేసి, రసీదును ట్రంకుపెట్టెలో దాచేవారు. ఆయన ఇంతెకాల్ అయ్యాక అది లైసెన్సున్న దుకాణంలో జమలో ఉంది. ఇప్పుడు తమ్ముడు తన పేరిట మార్పించుకుంటానంటున్నాడు.

"అచ్ఛా మాల్ హై భాయ్‌జాన్, కుచ్ ఖరాబ్ నై హువా" అంటాడు. కుందా మెరుపు చూసి చెప్పే మాట అది.

దాదా తరీఖా వేరు. ముందు నాలీలోకి గజ్ దించి లోపల ఖాళీయేనని తేల్చుకునేవారు. తర్వాత ఘోడాను మెల్లగా లాగుతూ చెవి ఒగ్గేవారు. రెండు టిక్కులు వినపడాలి, సగంలో ఒకటి, పూర్తిగా ఎత్తాక ఒకటి. సగంలో ఆగిన ఘోడా లబ్‌లబీ నొక్కినా దిగకూడదు. దిగిందా, లోపలి గాడి అరిగినట్టే. అప్పుడిక ఖతరా పందికి కాదు, దాన్ని భుజానేసుకుని గట్టు మీద నడిచేవాడికి.

ఇక బారూద్ సంగతి. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. కాలాక మిగిలే మసి గాలిలో తేమ పీల్చుకుని ఇనుముకు జంగ్ పట్టిస్తుంది. అందుకే పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. టోపీ కూర్చునే ముక్కు రంధ్రం కూడా వాడేకొద్దీ వెడల్పవుతుంది. నిప్పు వెనక్కి తన్ని టోపీ తునకలు మొహం మీదికొస్తాయి.

ఇటలీలో ఉబెర్తి లాంటి కంపెనీలు 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వర్‌కు నకళ్లు చేస్తున్నాయి. వాటి పరీక్షా ఇదే బాపతు. ఖాళీ రివాల్వర్ ఘోడాను నిదానంగా ఎత్తితే, అది పూర్తిగా నిలిచేసరికి ఆరు గదుల చక్రం బిగుసుకోవాలి. లేదంటే చక్రాన్ని తిప్పే పుర్జానో, ఆపే పుర్జానో అరిగింది. గది నాలీకి సూటిగా రాకపోతే సీసం గుండు అంచు చెక్కుకుపోతుంది. విసురుగా ఎత్తితే చక్రం ఆ ఊపుకే తిరిగేసి ఐబ్ దాచేస్తుంది. నిదానమే గుట్టు బయటపెట్టేది.

పోయిన వారం దుకాణంలో మిస్త్రీ మా ముందే చూశాడు. పదిసార్లలో రెండుసార్లు సగంలోంచి ఘోడా జారింది. తమ్ముడి మొహం వాడిపోయింది. "కమాన్ మారిస్తే సరిపోదా?" అన్నాడు. "కమాన్‌ది కాదు సాబ్, గాడిది. ఆకురాయి పెడితే ఇంకా పాడవుద్ది. పుర్జానే కొత్తది పడాలి" అన్నాడు మిస్త్రీ.

వారసుడిగా నేనివ్వాల్సిన అభ్యంతరం లేదనే కాగితం నా సంచీలోనే ఉంది. ఆ పుర్జా పడి, పదికి పదిసార్లూ ఘోడా నిలిచేదాకా దస్తఖత్ పెట్టను. తమ్ముడు రెండురోజులుగా ఫోనెత్తడం లేదు.