టావిటన్ వీధిలో ఆసుపత్రి లెక్కలు

లండన్‌లో యూస్టన్ రైల్వే స్టేషన్ నుంచి కాసేపు నడిస్తే టావిటన్ వీధి వస్తుంది. పాతకాలపు ఇటుక ఇళ్ల వరసలో నాలుగో నంబరు ఇల్లే నేను చూడాలనుకున్న చోటు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వారి క్లినికల్ ఆపరేషనల్ రీసెర్చ్ యూనిట్. 1983లో మొదలైంది. ఆసుపత్రుల కోసమే పనిచేసినా అది వైద్య విభాగంలో కాదు, గణిత శాఖలో భాగం. లోపల స్టెతస్కోపు కనబడదు. బల్లల మీద కాగితాలు, కంప్యూటర్లు, గోడ మీద తెల్లబోర్డు, బోర్డు నిండా బాణాలు.

నాకు అంతా చూపించింది విజయనగరం వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఐఐటీలో క్యూల గణితం మీద పీహెచ్‌డీ చేసి, ఇక్కడ పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, చేస్తోంది. ఆసుపత్రికి నీ లెక్కలతో పనేమిటమ్మా అని అడిగాను. మార్కరు తీసుకుని బోర్డు మీద ఖాళీ మూలలో రాసి చూపించింది.

"ఒక్క డాక్టరు ఉన్నారనుకోండి సార్. రోగులు ఎప్పుడు వస్తారో, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుందో ముందు తెలీదు. డాక్టరు గారి సమయం నూటికి 80 వంతులు నిండిందంటే, సగటున ఒకరిని చూడడానికి పట్టే సమయానికి నాలుగు రెట్లు రోగి కూర్చోవాలి. 90 నిండితే తొమ్మిది రెట్లు. 95కి పందొమ్మిది. మనవైపు పడకలన్నీ నిండితే ఆసుపత్రి బాగా నడుస్తోందంటారు. నాకైతే భయమేస్తుందండీ."

ఇది క్యూల గణితంలో అన్నిటికన్నా సులువైన నమూనా. నిజమైన వార్డు ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది. అయినా ఆ మూడు అంకెలూ మన ప్రతి ఆసుపత్రి ఓపీ గోడ మీదా రాసిపెట్టాలనిపించింది.

ఆసుపత్రి పనిని లెక్కలతో చక్కదిద్దే ఈ శాస్త్రం, అదే ఆపరేషనల్ రీసెర్చ్, కొత్తదేమీ కాదు. 1952లోనే నార్మన్ బెయిలీ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఓపీ అపాయింట్‌మెంట్ల మీద పరిశోధన ప్రచురించాడు. క్లినిక్ తెరిచే వేళకు ఇద్దరు రోగులను రమ్మనండి, ఆ తర్వాత సగటు పరీక్షా సమయానికి ఒకరి చొప్పున పిలవండి అన్నాడు. డాక్టరు ఖాళీగా ఉండరు, రోగులూ గంటల తరబడి పడిగాపులు పడరు. ఏడు దశాబ్దాలు దాటినా, పొద్దున్న ఎనిమిదింటికే అందరినీ రమ్మనే ఓపీలు మనకు లెక్కలేనన్ని.

ఈ యూనిట్ పేరు నిలబెట్టిన పని మాత్రం గుండె శస్త్రచికిత్సల దగ్గర జరిగింది. స్టీవ్ గలివాన్ తదితరులు, శస్త్రవైద్యుడు టామ్ ట్రెజర్‌తో కలిసి 1997లో లాన్సెట్ పత్రికలో ఒక గీత పద్ధతిని ప్రకటించారు. ప్రతి రోగికీ ఆపరేషన్‌కు ముందే ముప్పు ఎంతో అంచనా కడతారు. ముప్పు నూటికి రెండు అనుకుందాం. రోగి బతికితే గీత 0.02 పైకి పోతుంది, చనిపోతే 0.98 కిందికి దిగుతుంది. ముప్పు నూటికి 30 అయితే బతికినప్పుడు 0.30 పైకి, పోయినప్పుడు 0.70 కిందికి. కష్టమైన కేసు ఒప్పుకున్న డాక్టరుకు అన్యాయం జరగదు. గీత అదేపనిగా కిందికి జారుతుంటే ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది.

ఇది ఎంత అవసరమో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఆసుపత్రి ఉదంతం చెబుతుంది. 1991-95 మధ్య అక్కడ ఏడాది లోపు పసివాళ్లు, గుండె తెరిచి చేసే ఆపరేషన్ల తర్వాత, మామూలుగా ఊహించదగిన దానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని 2001లో విచారణ నివేదిక తేల్చింది. ఆ తర్వాత ఇదే యూనిట్‌లో క్రిస్టినా పేజెల్, సోన్యా క్రో, మార్టిన్ అట్లీ వంటివారు పిల్లల గుండె ఆపరేషన్లకు ముప్పు అంచనా వేసే ప్రైస్ (PRAiS) అనే నమూనా తయారుచేశారు. ఆ ఫలితాలను తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పడానికి వాళ్లనే కూర్చోబెట్టుకుని రాశారు. ఒక ఆసుపత్రిని పక్క ఆసుపత్రితో పోల్చి ర్యాంకులివ్వడం తప్పు, దానికి వచ్చిన బిడ్డల ముప్పుతోనే దాని ఫలితాన్ని పోల్చాలి అన్నది అందులో కీలకం. ర్యాంకుల మోజులో ఉన్న మనం ఈ మాట చెవినపెట్టాలి.

పోస్ట్‌డాక్ పని ఎలా ఉంటుందో ఆ అమ్మాయి మాటల్లోనే తెలిసింది. సాధారణంగా ఒక ప్రాజెక్టు గ్రాంటు మీద రెండు మూడేళ్ల ఉద్యోగం. ఆ తర్వాత ఏమిటన్న బెంగ ఉంటుంది. "మొదట్లో నేను ఒక్క సమీకరణం కూడా రాయలేదు సార్. వార్డులో నర్సుల వెనకాలే తిరిగాను. డిశ్చార్జి కాగితం మీద సంతకం పొద్దున్నే అయిపోతుంది, మందులు రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. పడక ఖాళీ కాకపోవడానికి కారణం అదీ. కంప్యూటర్‌లో ఉన్న డేటా ఆ సంగతి చెప్పదు" అంది. నాకు అర్థమైంది ఇదే: గణితం ఎక్కడైనా నేర్చుకోవచ్చు, దొరకనిది ఆసుపత్రి లోపల కూర్చునే చోటు.

మనకు ప్రశ్నల కరువు లేదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పుట్టింది. ఏ అంబులెన్సును ఏ కూడలిలో నిలపాలన్నది అచ్చంగా ఈ శాస్త్రపు ప్రశ్న. డబ్బు దారులూ ఉన్నాయి. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లకు ఇస్తుంది. వయసు 35 లోపు ఉండాలి, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ సడలింపు ఉంది. ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే.

కాబట్టి నా విన్నపం ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు. పీహెచ్‌డీ పూర్తిచేసిన గణితం పిల్లలు మీ తలుపు తడితే, రోగుల పేర్లు తీసేసిన రికార్డులూ, వార్డులో ఒక కుర్చీ కూడా ఇప్పించండి. గణితం, గణాంకాలు, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలారా, పరిశోధనాంశం వెతుక్కునే ముందు దగ్గరలోని పెద్దాసుపత్రి ఓపీలో ఒక పూట కూర్చుని రండి.