మా ఇంటి షర్బత్తు

కోనసీమ మర్యాదల గురించి అందరూ గొప్పగా చెబుతారు. ఇంటికొచ్చిన మనిషి చేతిలో ముందు కొబ్బరిబొండం పెట్టడం ఆ మర్యాదల్లో మొదటిది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెనెక్కి రావులపాలెంలో దిగిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అదే బొండానికి మా పేటలో ఇంకో అర్థం ఉంది. అది ఎవరూ రాయలేదు గనక నేను రాస్తున్నాను.

బొండంలో నీళ్ళని ఎవరూ ముట్టుకోరు. కత్తి దెబ్బకి పైచెక్క లేస్తుంది. నీళ్ళు నేరుగా తాగేవాడి నోట్లోకి పోతాయి. మధ్యలో మా కుండ లేదు, మా గ్లాసు లేదు, మా చెయ్యి లేదు. చెట్టెక్కి దింపినవాడు మావోడే. చెక్కినవాడూ మావోడే. అయినా లోపలి నీళ్ళకి మైల అంటదు. అందుకే మా గుమ్మంలోకొచ్చిన పెద్దకులపోళ్ళు, "మంచినీళ్ళెందుకులే, బొండం ఉంటే కొట్టించు" అనేవాళ్ళు. అది మర్యాదనుకుని మా వాళ్ళు చెట్టుకేసి పరిగెత్తేవాళ్ళు.

షర్బత్తు సంగతి అలాక్కాదు. షర్బత్తుకి మేం తెచ్చుకున్న నీళ్ళు కావాలి. మా కుండలో చల్లబడాలి. మా అమ్మ చేత్తో నిమ్మకాయ పిండాలి. మా గ్లాసులో పొయ్యాలి. అందులో మేం నిలువునా ఉంటాం. మా ఇంటికి ఎవరెవరొచ్చారన్నది కాదు, ఎవరు షర్బత్తు తాగారన్నదే నా లెక్క.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టడం 1852లో పూర్తయింది. దాంతో డెల్టా అంతా పచ్చబడింది. పుట్లకి పుట్లు ధాన్యం పండింది. కానీ ఆ నీళ్ళు పారింది చేలల్లోకి. మా పేటకి వాటా లేదు. ఎండాకాలం దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేసేవాళ్ళు. కట్టెయ్యక ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేవాళ్ళు. ఆ చెరువు మెట్లు మేం దిగకూడదు. గట్టు మీద బిందె పెట్టి, "అమ్మగారండీ, కాసిని పొయ్యండమ్మా" అని నిలబడాలి. దయగల తల్లి పైనుంచి పోసేది. సగం బిందెలో, సగం నేలమీద. దయలేని తల్లి అసలు ఇటు చూసేదే కాదు.

మా అమ్మ అలా నిలబడలేక గోదావరికి పోయేది. వేసవిలో గౌతమి అవతలి ఒడ్డుకి జరిగిపోయి, ఇవతలంతా ఇసకే. తెల్లారకుండా ఆడోళ్ళు ఓ పదిమంది కూడుకుని ఇసకలో చెలమ తవ్వేవాళ్ళు. మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసి, తేట ఊరేదాకా కూర్చునేవాళ్ళు. కొబ్బరిచిప్పతో ముంచి కడవ నింపడానికి గంట పట్టేది. ఎండెక్కితే ఆ ఇసకలో కాలు పెట్టలేం. చిన్నప్పుడు నా అరికాళ్ళు బొబ్బలెక్కింది అక్కడే. చెలమ నీళ్ళు తియ్యగా ఉంటాయి. "మనం తవ్వుకున్న నీళ్ళే, ఎవరూ పొయ్యలేదు" అనేది అమ్మ.

శ్రీరామనవమికి ఊళ్ళో పందిట్లో పానకం పోసేవాళ్ళు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం. ఊరోళ్ళ పిల్లలకి గ్లాసులు. మేం పందిరి బయట వరసగా నిలబడి దోసిళ్ళు పట్టాలి. పైనుంచి ధారగా పోస్తే ముంజేతుల మీదుగా కారిపోయేది. నోట్లోకి పోయేది రెండు గుక్కలు. తర్వాత ఒంటి నిండా జిగట, దాని మీద ఈగలు. ఒక ఏడు నేను అలాగే ఇంటికొస్తే అమ్మ చేతులు కడిగి, "ఇంకెప్పుడూ ఎల్లకు. మనింట్లో నేను చేస్తాను" అంది. మా ఇంటి షర్బత్తు అలా మొదలైంది.

మా నాన్న అరటి మార్కెట్లో గెలలు మోసేవాడు. చక్కెరకేళి, కర్పూరం, బొంత - తెల్లారేసరికి చుట్టుపక్కల లంకల నుంచి గెలలు వచ్చి పడేవి. పాట అయ్యాక లారీకెత్తేది మా పేట మగోళ్ళే. అరటి జిగురు మరక ఉతికితే పోదు. మా నాన్న చొక్కాలన్నిటికీ కుడి భుజమ్మీద నల్లటి మచ్చే. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చేసరికి మనిషి కమిలిపోయి ఉండేవాడు. అమ్మ షర్బత్తు చేసేది ముందు ఆయన కోసం.

పాక వెనకాల అంట్లు తోమిన నీళ్ళు పారే చోట అమ్మ ఓ నిమ్మమొక్క పాతింది. మాకున్న తోట అదొక్కటే. మామిడిపళ్ళు మాత్రం గాలికి రాలినవి, సంతలో పొద్దుపోయాక చవగ్గా వదిలించుకునేవి. అరటిపళ్ళ ఊరైనా షర్బత్తులో అరటిపండు వెయ్యరు, నల్లబడిపోద్ది.

అమ్మ చేసే పద్ధతి చెబుతాను. పది గ్లాసులకి ఆరు నిమ్మకాయలు, రెండు పండిన రసాలు, పావుకేజీ బెల్లం, చిటికెడు ఉప్పు. చల్లటి నీళ్ళలో బెల్లం తొందరగా కరగదు. అందుకని ముందే నలగ్గొట్టి కాసిని నీళ్ళలో నానేసేది. కరిగాక పాత పంచె గుడ్డలో వడగడితే అడుగున ఇసకా, చెరకు పీచూ మిగిలేవి. రసాల్ని చేత్తో మెదిపి టెంకలు మా పిల్లలకి పడేసేది. ఆ గుజ్జు కూడా గుడ్డలోనే పిండేది. నిమ్మకాయల్ని పీట మీద అరిచేత్తో దొర్లించి మెత్తబడ్డాక కోసేది. "గట్టిగా పిండకే, తొక్కలో చేదు దిగుద్ది. గింజ పడితే అప్పుడే తీసెయ్యి" అని నాకు చెప్పేది. నీళ్ళు మాత్రం ఇసకలో కుదురు చేసి, తడిగుడ్డ చుట్టిన కొత్తకుండలోవి. గాలి తగిలి తడి ఆరేకొద్దీ లోపల నీళ్ళు చల్లబడతాయి. ఉప్పు ఆఖర్న. చెమట పోసినోడికి తీపి ఒక్కటే చాలదు, ఉప్పు కూడా కావాలని ఆవిడకి ఏ డాక్టరూ చెప్పలేదు.

మా ఇంట్లో నాలుగు సత్తుగ్లాసులుండేవి. అమ్మ ఒక్క నియమం పెట్టింది. ఎవరూ ఎత్తిపోసుకోకూడదు. "మూతి పెట్టుకుని తాగండి" అనేది. నాన్నకి అలవాటు తప్పేది కాదు. కామందుల ఇళ్ళ దగ్గర, హోటళ్ళ దగ్గర ఎత్తిపోసుకునీ, దోసిలి పట్టీ ఆయన మెడ అలాగే వంగిపోయింది. సొంత ఇంట్లో సొంత గ్లాసు కూడా పైకెత్తేవాడు. అమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించేది. "ఇది మనిల్లు. ఇక్కడెవరున్నారని?" అనేది. ఆయన నవ్వి గ్లాసు అంచుకి పెదవి ఆనించి తాగేవాడు. మార్కెట్ రోడ్డు పక్క హోటల్లో మా వాళ్ళ గ్లాసులు బయట చూరుకింద వేరే ఉండేవి. తాగాక మా వాళ్ళే కడిగి పెట్టాలి. ఆ రోజంతా దిగమింగింది ఇంటికొచ్చాక ఈ గ్లాసుతో దిగేది.

1979 వేసవిలో నాతో చదువుకునే అమ్మాయి నోటు పుస్తకం కోసం మా ఇంటికొచ్చింది. పెద్దింటి పిల్ల. ఎండకి మొహం ఎర్రబడిపోయింది. అమ్మ అడగలేదు, ఊరికే గ్లాసు చేతికిచ్చింది. ఆ పిల్ల గటగటా తాగి, "ఇంకొంచెం పొయ్యండి" అంది. మా ఇంట్లో పెద్దకులం మనిషి మూతిపెట్టి తాగడం నేను చూడ్డం అదే మొదలు. నాలుగు రోజుల తర్వాత కనిపిస్తే ఆ పిల్లే దాపరికం లేకుండా చెప్పింది: "మీ ఇంట్లో తాగానంటే మా మామ్మ తలంటు పోసి పసుపునీళ్ళు తాగించింది. మీ ఇంటికి రావద్దంది." చెప్పి వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు. అమ్మకి చెబితే కాసేపు ఊరుకుని, "ఆ పిల్ల తాగిన గ్లాసుతోనే మనమూ తాగాం. మరి మనకి పసుపునీళ్ళు ఎవరు పోస్తారే?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

ఓట్లప్పుడు నాయకులొచ్చేవాళ్ళు. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని ఒకరు, "షుగరమ్మా" అని ఒకరు, "గొంతు బాలేదు" అని ఒకరు. సోడా తెప్పిస్తే మాత్రం తాగేవాళ్ళు. గోలీ నొక్కేదాకా ఆ సోడా మూసే ఉంటుంది కదా. వర్గం గురించి గంటన్నర మాట్లాడిన కామ్రేడు ఒకాయన కూడా బొండమే అడిగాడు. ఆయన వెంట వచ్చిన కుర్రాడు మాత్రం రెండు గ్లాసులు తాగి, "టెంక ఉందా అమ్మా?" అని అడిగి చీక్కుంటూ కూర్చున్నాడు. మా పేట ఆ కుర్రాడి మాట నమ్మింది. ఆ పెద్దాయన ఉపన్యాసం ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది, ఇది మా పేట గొడవ ఒక్కటే కాదని. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చౌదార్ చెరువు దిగి దోసెడు నీళ్ళు తాగాడు. ఆ నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మనమూ మనుషులమేనని చెప్పడానికి. తర్వాత ఆ చెరువుకి వాళ్ళు శుద్ధి చేసుకున్నారు. మా స్నేహితురాలికి పోసిన పసుపునీళ్ళూ అవే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. ముందురోజు గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గరే. గేదెల కుడితి బకెట్టు అందులో కడుగుతుంటే వద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త తన బిందె ఎత్తింది. ఒక ఆడమనిషి మంచినీళ్ళ బిందె ఎత్తినందుకు ఆరు ప్రాణాలు తీశారు.

చట్టాలొచ్చాయి. 1955లో అంటరానితనం నేరాల చట్టం, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం. ఆ 1989 చట్టంలో మొట్టమొదట రాసిన నేరం ఏమిటో తెలుసా? తినకూడనిది, తాగకూడనిది మన నోట్లో బలవంతంగా పొయ్యడం. మన నోటిదాకా ఎన్ని వచ్చి ఉంటే చట్టం అక్కడ మొదలవుద్ది! ఆ చట్టాలకి భయపడి హోటళ్ళలో చూరుకింది గ్లాసులు లోపలికెళ్ళాయి. చాలాచోట్ల ప్లాస్టిక్ గ్లాసొచ్చింది. తాగి పారేసే గ్లాసుకి కులం లేదంటారు. కడగక్కర్లేదు గనక దాని కులం ఎవరూ అడగరు, అంతే. కానీ మా ఇంటికొచ్చి మా షర్బత్తు వద్దన్నవాడి మీద పెట్టే సెక్షన్ లేదు. ఉండాలని నేను అడగను. తాగడం వాడి చేతిలోనే ఉంది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. ఆ వేసవిలో నిమ్మకాయ ఒక్కోటి పది రూపాయలు పలికింది. నా జన్మలో ఆ ధర ఎప్పుడూ చూడలేదు. మే నెలలో జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టబోతే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. పేరు కూడా మా షర్బత్తు లాంటిదే. రాజ్యాంగం కావాలి, దాని కింద వచ్చే ఓటూ కావాలి. రాసినాయన పేరు మాత్రం ఇంటి చిరునామాలో తగలకూడదు. ఎంత గొడవ చేసినా పేరు ఆగలేదు. ఇవాళ మా రావులపాలెం ఉన్నది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో.

ఆ ఏడే జూన్ మొదట్లో హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ముగ్గురు స్నేహితుల్ని తీసుకొచ్చాడు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, పెద్ద కూల్‌డ్రింకు సీసాలు రెండు తెచ్చి పెట్టు. షర్బత్తు వద్దులే, నీకెందుకు శ్రమ" అన్నాడు. వాడి బాధ శ్రమ గురించి కాదని నాకు తెలుసు. సీలు వేసిన సీసా అయితే ఎవరు తాగారు, ఎవరు తాగలేదన్న ప్రశ్నే రాదు. నేను నిమ్మకాయలు కొన్నాను. అమ్మ డెబ్బై దాటిన మనిషి, పీట వేసుక్కూర్చుని తనే దొర్లించింది. ఇద్దరు కుర్రాళ్ళు తాగి బాగుందన్నారు. మూడోవాడు గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, గొంతు నొప్పని సంచిలోంచి తన నీళ్ళ సీసా తీసుకున్నాడు. మా అబ్బాయి తల వంచుకున్నాడు.

ఆ రాత్రి వాడు అమ్మ మంచం పక్కన కూర్చుని, "ఇన్నేళ్ళు ఎలా తట్టుకున్నావు అమ్మమ్మా?" అని అడిగాడు. అమ్మ, "తట్టుకోడానికి ఏముందిరా, తాగనోడి గ్లాసు నేను తాగేదాన్ని. మరుసటేడు మళ్ళీ చేసేదాన్ని. తల దించుకోవాల్సింది నువ్వా?" అంది. వాడు మాట్లాడలేదు. ఆ తర్వాత సీసాల మాట ఎత్తలేదు.

ఏప్రిల్ 14న మా కుర్రాళ్ళు నీలం జెండా కట్టి రోడ్డు పక్క చలివేంద్రం పెడతారు. నిమ్మకాయలు పిండటానికి పేటలో ఆడోళ్ళమంతా కూర్చుంటాం. ఆగిన బస్సుల్లోంచి చేతులు చాస్తారు. కొందరు జెండా చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఎక్కువమంది తాగుతారు. ఇది నేను కళ్ళారా చూస్తున్నాను గనకే రాస్తున్నాను, ఊరికే ఆశపడి కాదు.

మా పేటలకి మీటింగులకని, సర్వేలకని వచ్చే చదువుకునే పిల్లలకీ, కార్యకర్తలకీ ఒక మాట. కరపత్రం తర్వాత ఇవ్వండి. ముందు గుమ్మంలో కూర్చోండి. బొండం అడక్కండి, సీసా సంచిలోనే ఉంచండి. మా వాళ్ళు గ్లాసు ఇస్తే ఎత్తిపోసుకోకండి. మూతి పెట్టుకుని తాగండి.