జీఎస్-3 జవాబులో నేను వదిలేసిన బావి

మొన్న ఆదివారం టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది. ‘వ్యవసాయంలో డ్రోన్లు: అవకాశాలు, సవాళ్లు.’ 15 మార్కులు. మీరైనా దాదాపు నేను రాసినట్టే రాసేవారు. నీటి ఆదా, కూలీల కొరత, 2023లో కేబినెట్ ఆమోదించిన 1,261 కోట్ల నమో డ్రోన్ దీదీ, 15,000 స్వయం సహాయక సంఘాలు. సవాళ్ల కింద ‘శిక్షణ లోపం, అధిక ధర’ అని రెండు ముక్కలు. వచ్చినవి ఆరు మార్కులు.

మాది శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన కుటుంబం. (2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరి పేరు శ్రీవిజయపురం. ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోండి.) అబర్డీన్ బజార్‌లో క్లాక్ టవర్ దగ్గర నేను రోజూ టీ తాగే కొట్టు ఒకటుంది. ఓనరు కాసరగోడ్ మనిషి, అరవై దాటాయి. పేపరు చూసి, వచ్చీరాని హిందీలో అడిగాడు. “మోనే, డ్రోన్ అంటే మా ఊళ్లో హెలికాప్టర్ మందు కొట్టేది, అలాంటిదేనా?”

హెలికాప్టర్ మోత వినపడగానే వాళ్లమ్మ బావి మీద తాటాకులు కప్పేదట. కొండలో అడ్డంగా తవ్విన సొరంగంలోంచి నీళ్లు వచ్చే ఇళ్లూ అక్కడ చాలా ఉన్నాయి. “దానికి మూత ఎక్కడ పెడతాం?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. టీ చల్లారిపోయింది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. విమానంతో మందు చల్లడం 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయోలో మొదలైంది. మన హెచ్‌ఏఎల్ కూడా ఇందుకోసమే ‘బసంత్’ అనే విమానం తయారుచేసింది. మందు ఆకు మీదే పడాలంటే పైరుకి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఎగరాలి. పైలట్‌కి గండం అక్కడే. కరెంటు తీగ దూరం నుంచి కనపడదు, కనపడేసరికి మళ్లే సమయం ఉండదు. పొలం చివర బరువైన ట్యాంకుతో చుట్టు తిరగాలి. 60 డిగ్రీలు ఒరిగి మలుపు తీసుకుంటే రెక్కల మీద భారం రెట్టింపవుతుంది, గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం 41 శాతం పెరుగుతుంది. పట్టు తప్పితే సర్దుకోవడానికి కింద ఎత్తే లేదు.

సరే, ఎత్తుగా ఎగిరితే? పైలట్ క్షేమం. కానీ తుంపర గాలికి కొట్టుకుపోతుంది. కాసరగోడ్‌లో జీడితోటలు ఎగుడుదిగుడు కొండల మీద, ఇళ్ల మధ్యలో ఉన్నాయి. అక్కడ 1970ల చివరి నుంచి 2000 వరకు ఎండోసల్ఫాన్‌ని గాల్లోంచే కొట్టారు. నన్ను పట్టుకున్న విషయం ఇదే. కిందికి దిగితే పైలట్‌కి ప్రమాదం, పైకి వెళితే బావికి. ప్రమాదం పోలేదు, చేతులు మారింది. పైలట్ ఆ పనికి జీతం తీసుకుంటాడు. బావి ఇంటావిడని ఎవరూ అడగలేదు.

కేసు వివరాలు నోట్ చేసుకోండి. వ్యవసాయ శాఖ ఉద్యోగిని లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెక్కారు. 2011లో స్టాక్‌హోమ్ ఒప్పందం ఎండోసల్ఫాన్‌ని జాబితాలో చేర్చింది. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు నిషేధం విధించింది. 2017 జనవరిలో బాధితులకు ఐదేసి లక్షలు ఇమ్మని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. మందు ఆగిన పదహారేళ్లకు!

డ్రోన్ వచ్చాక పైలట్ నేల మీదికి దిగాడు. నిజంగా మంచి మార్పే, దాన్ని తక్కువ చేయను. కానీ తీగలు అక్కడే ఉన్నాయి, గాలీ అక్కడే ఉంది. పక్క పొలంలో కలుపు తీస్తున్న కూలీ సంగతి నా మొదటి జవాబులో ఎక్కడా లేదు.

మళ్లీ రాశాను. 250 పదాలు దాటి 310 అయింది. డ్రోన్ దీదీ అంకెలు కొట్టేయాలా, కాసరగోడ్ తేదీలు తగ్గించాలా అని చూస్తున్నా. మీరైతే ఏది తీసేస్తారు?