స్నేప్ సార్, మా ల్యాబ్ సార్

హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ నేను మొదటిసారి చదివింది టెన్త్ సెలవుల్లో. మా అక్క అట్టపెట్టెలో దాచుకున్న సెట్టు అది. కంచం ముందు కూర్చున్నా పుస్తకం వదలకుండా చదివేశా. అప్పుడు ఒకటే యావ, తర్వాత ఏమవుతుంది? మొన్న ఫైనలియర్ ఫస్ట్ సెమ్ అయ్యాక ఇంటికెళ్తే అటక మీద అదే పెట్టె కనపడింది. ప్లేస్‌మెంట్ల గొడవ కాసేపు మర్చిపోదామని మళ్లీ మొదటి పుస్తకం తీశా. ఈసారి ఏమవుతుందో ముందే తెలుసు. అందుకే కాబోలు, ఎలా జరుగుతోందో కనిపించడం మొదలైంది.

(ఇంకా చదవనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి. కింద సస్పెన్సులన్నీ బయటపెట్టేస్తున్నా. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.)

మొదటి పుస్తకం మొదటి చాప్టర్లోనే హాగ్రిడ్ పసిబిడ్డ హ్యారీని ఎగిరే బైకు మీద తీసుకొస్తాడు. బండి ఎక్కడిదంటే సిరియస్ బ్లాక్ ఇచ్చాడంటాడు. అంతే, మాట అక్కడితో అయిపోతుంది. ఆ మనిషి కథలోకి వచ్చేది మూడో పుస్తకంలో. ఐదో పుస్తకంలో పాత ఇల్లు శుభ్రం చేస్తుంటే బయటపడ్డ చెత్త సామాన్ల మధ్య ఎవరికీ తెరుచుకోని ఒక లాకెట్ ఉంటుంది. ఏడో పుస్తకంలో అందరూ ప్రాణాలకు తెగించి వెతికేది దాన్నే. ఆరో పుస్తకంలో హ్యారీ తన పుస్తకం దాచిన చోటు గుర్తుండాలని ఒక బొమ్మ తల మీద పాత కిరీటం పెడతాడు. అది కూడా అలాంటిదే. చేత్తో పట్టుకుని మరీ అక్కడ వదిలేసి వెళ్లిపోతాడు!

రౌలింగ్ ఆధారాలను చీకట్లో దాచదు. సామాన్ల జాబితా మధ్యలోనో, జోకులోనో, హడావిడిలోనో పెట్టేస్తుంది. మా అమ్మమ్మ బీరువా తాళం పోపుల డబ్బాలో పెట్టినట్టు. రెండో పుస్తకంలో హ్యారీని ఫిల్చ్ శిక్ష నుంచి తప్పించడానికి ఒక దయ్యం ఇంకో దయ్యాన్ని ఎగదోసి పెద్ద బీరువా ఒకటి కింద పడేయిస్తుంది. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. ఆరో పుస్తకంలో ఆ బీరువానే మాల్ఫోయ్ బాగుచేసి, దాంట్లోంచి శత్రువుల్ని కోటలోకి దించుతాడు.

ఇవన్నీ సరదా. కానీ ఈసారి నన్ను కూర్చోబెట్టింది వేరే విషయం, అసలు ఈ కథ చెబుతున్నదెవరు?

పుస్తకంలో 'నేను' అని ఉండదు, 'హ్యారీ' అనే ఉంటుంది. అందుకని రచయిత్రి అన్నీ తెలిసి చెబుతోందనుకుంటాం. నిజానికి దాదాపు కథంతా హ్యారీ భుజం మీద కూర్చునే చెబుతుంది. వాడికి కనిపించిందే మనకి కనిపిస్తుంది, వాడు అపార్థం చేసుకున్నదే మనకీ నిజం. మొదటి రోజు విందులో స్నేప్ తన వైపు చూడగానే హ్యారీ నుదుటి మీద మచ్చ భగ్గుమంటుంది. వాడూ మనమూ ఒకేసారి అనేసుకుంటాం, వీడే విలన్ అని. మళ్లీ చదివితే ఆ వాక్యంలోనే ఇంకొకటి ఉంది. స్నేప్ చూపు క్విరెల్ తలపాగాని దాటుకుని వస్తుంది. తలపాగా వెనకభాగం హ్యారీ వైపు తిరిగి ఉంది. అసలు విలన్ ఉన్నది అందులో! కళ్ల ముందే ఉంది, మనం స్నేప్‌ని చూస్తూ కూర్చున్నాం.

క్విడిచ్ మ్యాచ్‌లో హ్యారీ చీపురు పిచ్చెక్కినట్టు ఊగుతుంటే స్నేప్ రెప్ప వేయకుండా ఏదో గొణుగుతూ ఉంటాడు. హెర్మయొనీ పరిగెత్తుకెళ్లి అతని గౌనుకి నిప్పంటిస్తుంది, చీపురు కుదురుకుంటుంది. ఇంకేం కావాలి, రుజువైపోయింది! కానీ వెళ్లే దారిలో ఆమె క్విరెల్‌ని గుద్దేసి ముందు వరసలోకి పడేసిందన్న సంగతి కూడా అక్కడే రాసి ఉంది. మంత్రం ఆగింది అందుకు కూడా కావచ్చు కదా. స్నేప్ గొణిగింది హ్యారీని కాపాడే మంత్రమని పుస్తకం చివర గానీ తెలియదు.

మొదటి క్లాసులో స్నేప్ హ్యారీని నిలబెట్టి అవమానిస్తాడు, గుర్తుందా? బెజోర్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు. మేక కడుపులో దొరికే రాయి, చాలా విషాలకు విరుగుడు. ఆరో పుస్తకంలో రాన్ విషం తాగి పడిపోతే హ్యారీ వాణ్ణి బతికించింది ఆ రాయితోనే. అది గుర్తొచ్చింది ఎక్కడినుంచి? ఒక పాత పుస్తకం మార్జిన్‌లో ఎవరో రాసుకున్న మాట నుంచి. ఆ చేతిరాతా స్నేప్‌దే.

అలాగని స్నేప్ దేవుడేం కాదు. నెవిల్‌కి ప్రపంచంలో అన్నిటికన్నా భయం ఎవరంటే స్నేపే. చిన్నపిల్లాణ్ణి అంతగా భయపెట్టినవాణ్ణి మంచి మాస్టారని నేననను. హ్యారీ చూసింది అబద్ధం కాదు, సగం. అంతే తేడా.

ఇది రాసుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. నాకూ ఒక స్నేప్ ఉన్నారు.

సెకండియర్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసిన సార్. మిగతా ల్యాబుల్లో రికార్డులు కట్టగా పెడితే కట్టగానే సంతకాలైపోయేవి. ఈయన ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేవారు. నా రికార్డు మూడుసార్లు వెనక్కొచ్చింది. ఒకరోజు అందరి ముందూ "చూసి రాయడం కూడా చేతకాదా నీకు?" అన్నారు. ఆ రాత్రి రూములో ఆయన గొంతుతో, ఆయనలాగా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ఆ సీను చేసి చూపించా. అందరూ పడీపడీ నవ్వారు. నెల తిరిగేసరికి హాస్టల్లో ఆయన మీద నడిచే కథల్లో సగం నావే. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదుకి ఒకటి పెట్టా. నన్ను చూసి ఇంకో నలుగురు ఒకట్లు పెట్టారు. థర్డియర్ మొదలయ్యేసరికి ఆయన కాలేజీలో లేరు. ఎందుకు వెళ్లారో నాకు తెలియదు. మా ఫారాల వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

సెలవులయ్యాక హాస్టల్‌కి రాగానే మంచం కింద నుంచి ఆ పాత రికార్డు లాగి మళ్లీ చదివా.

హాఫ్ వేవ్ రెక్టిఫయర్ ప్రయోగం. ఫిల్టర్ లేకుండా రిపుల్ ఫ్యాక్టర్ థియరీ ప్రకారం 1.21. నా టేబుల్‌లో ఏ లోడ్‌కైనా 1.21 ఉంది. నిజం మీటరు అలా చూపించదు, కాస్త అటో ఇటో వస్తుంది. నేను మీటరు ముట్టుకుంటే కదా! పక్క బ్యాచ్ వాడి దగ్గర కాపీ కొట్టా. ఆయన అన్న "చూసి రాయడం" అదీ. రూములో ఎన్నిసార్లు ఆ సీను చేశానో, ఒక్కసారి కూడా ఈ ముక్క చెప్పలేదు.

ఆ అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద చిన్న అక్షరాలతో, "ఒకటి కన్నా ఎక్కువంటే అర్థమేంటి?" అవుట్‌పుట్‌లో డీసీ కన్నా ఏసీయే ఎక్కువుందని అర్థం. మూడోసారి రికార్డు పట్టుకెళ్లినప్పుడు ఆయనే బోర్డు మీద వేసి చెప్పారు. ఎక్స్‌టర్నల్ వైవాలో నన్నడిగిన ప్రశ్న కూడా అదే. టకటకా చెప్పేశా. బయటికొచ్చి "లక్కురా" అన్నా.

అందరి ముందూ అలా అనడం తప్పేనని నేనిప్పటికీ అంటా. కానీ మా హాస్టల్లో ఆయన కథ అక్కడితోనే ఆగిపోయింది. ఆపింది నేను.

మొన్న క్యాంటీన్లో ఒక సెకండియర్ కుర్రాడు ఆయన మిమిక్రీ చేశాడు. ఆయన్ని వాడు ఎప్పుడూ చూడలేదు. కళ్లజోడు జార్చడం దగ్గర్నుంచి మొత్తం నా వెర్షనే. నవ్వులయ్యాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మిగతాది చెప్పా. కాపీ సంగతి, 1.21 సంగతి, వైవా సంగతి అన్నీ.

వాడు అంతా విని, "అంతేనా అన్నా? దీంట్లో కామెడీ ఏం లేదుగా" అన్నాడు. కాసేపాగి, "అన్నా, ఆ రికార్డు ఓసారి ఇస్తావా? వచ్చే వారం సబ్మిషన్" అన్నాడు.

ఇచ్చా. టేబుల్ మాత్రం ఎక్కించుకోవద్దు, ఎర్ర పెన్ను ఉన్నచోట చదువు అని చెప్పి ఇచ్చా. ఏం చేస్తాడో చూడాలి.