రాతి వేగం ఎవరు రాయాలి?

1948 నాటి కర్మాగారాల చట్టంలో 30వ సెక్షన్ గురించి మన కార్మిక చర్చల్లో వినిపించేది చాలా తక్కువ. సానపట్టే పని జరిగే ప్రతి కర్మాగారంలోనూ యంత్రం పక్కనే ఒక నోటీసు శాశ్వతంగా ఉండాలని, 2025 దాకా అమల్లో ఉన్న ఆ సెక్షన్ ఆదేశించేది. ఆ రాతి అంచు సురక్షితంగా తిరగగల గరిష్ఠ వేగమెంత, దాన్ని మోస్తున్న ఇరుసు ఎంత వేగంతో తిరుగుతోంది, ఆ హద్దులో ఉండాలంటే ఇరుసు మీది పుల్లీ ఎంత వ్యాసంతో ఉండాలి అన్న మూడు వివరాలూ అందులో రాయవలసి ఉండేది. ఆ అంకెలను దాటకూడదని కూడా చట్టమే చెప్పేది. తిరుగుతున్న రాయి పగిలితే ఏం జరుగుతుందో తెలిసినవారెవరో ఈ సెక్షన్ రాశారని చదవగానే అర్థమవుతుంది.

అయితే కర్మాగారమంటే ఏమిటన్నది అదే చట్టంలో మరోచోట ఉండేది. విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది పనివారు ఉంటేనే అది కర్మాగారం అయ్యేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా నియమావళి ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల విడిభాగాలు చేసే లేత్ దుకాణాల్లో ఇద్దరు, మహా అయితే ముగ్గురు ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటన జారీ చేస్తే తప్ప ఆ నోటీసు వారి గోడ మీదికి వచ్చేది కాదు.

లింబాయత్‌ను తెలుగు పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు షోలాపూర్, భివండీలకు వెళ్ళినట్టే సూరత్‌కూ వెళ్ళారు. అక్కడి నగరపాలక సంస్థ బడుల్లో నేటికీ తెలుగు ఒక బోధనా మాధ్యమం. 2024లో సూరత్ లోక్‌సభ స్థానం పోలింగ్ లేకుండానే ఏకగ్రీవమైనప్పుడు నగరంలో చాలామందికి ఓటు వేసే అవసరమే రాలేదు. లింబాయత్ నవ్‌సారీ లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది కాబట్టి ఇక్కడివారు మాత్రం వేలికి సిరా పూయించుకున్నారు. నేతపని వారి గురించి ఎన్నికల వేళ కొంతైనా మాట్లాడతారు. ఆ మగ్గాలు ఆగిపోకుండా చూసే టర్నర్ గురించి ఆపాటి మాట కూడా ఉండదు.

అలాంటి టర్నర్ ఒకరు యాభై దాటిన వయసులో, మెట్ల కింద ఉన్న గదిలో బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్ ఒకటి బిగించుకున్నారు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఇదే యంత్రాన్ని హాబీ లేత్ అంటారు. ఆదివారం కాలక్షేపానికి గ్యారేజీలో ఉండే వస్తువు అది. లింబాయత్‌లో ఆ మాటకు అర్థం వేరు. పగలు మరొకరి దుకాణంలో పెద్ద లేత్ మీద చేసిన కూలీ జీవనానికి, రాత్రి ఈ చిన్నదాని మీద చేసే పని కొంచెం సొంత ఆదాయానికి, కొంచెం సొంత తృప్తికి. ఈ రెండింటినీ విడదీయాలని ఆయనా ఎన్నడూ అనుకోలేదు.

ఆయనకు వచ్చే పని డాబీలో క్యామ్ మీద నడిచే రోలర్ల పిన్నులు. అల్లాయ్ స్టీల్‌ను కావలసిన కొలతకన్నా పావు మిల్లీమీటరు లావుగా తిప్పి, గట్టిపరచడానికి హీట్ ట్రీట్‌మెంటుకు పంపాలి. తిరిగొచ్చిన పిన్ను కొంచెం వంగి ఉంటుంది, పైగా లేత్ పనిముట్టుకు లొంగదు. బేరింగ్ కూర్చోవాలంటే మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా పట్టింపే. ఆ స్థితిలో దాన్ని కొలతకు తేగలిగింది రాయి ఒక్కటే. సిలిండ్రికల్ గ్రైండింగ్ దుకాణాలు ఉన్నాయి కానీ, రెండు పిన్నుల కోసం యంత్రం ఆపి అమర్చేవారు దొరకరు. పాతిక పోగయ్యేదాకా ఆగమంటారు. మగ్గం యజమాని ఆగడు.

అందువల్ల లేత్ మీదే, పనిముట్టు ఉండే చోట, తిరిగే రాయిని బిగించాలని ఆయన నిర్ణయించుకున్నారు. దాన్నే టూల్ పోస్ట్ గ్రైండర్ అంటారు. అది మూడు రకాలుగా సమకూరుతుంది. బెల్టుతో నడిచే తయారీ యూనిట్ ఒకటి. రెండోది చేతితో పట్టుకుని వాడే స్ట్రెయిట్ గ్రైండర్‌ను దిమ్మెలో బిగించుకోవడం. మూడోది ఇంట్లో ఎప్పుడూ ఉండే యాంగిల్ గ్రైండర్.

మేనల్లుడు మూడోదాన్నే పట్టుకొచ్చాడు. "మామా, పైసలెందుకు దండుగ? దీని గార్డు ఇప్పి తెల్ల రాయి ఎక్కిస్తే సరిపోతది గద" అన్నాడు. ఆయన సుద్దముక్క తీసుకుని బల్ల మీదే లెక్క వేసి చూపించారు. యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల రాయి అంచు ఆ వేగంలో సెకనుకు దాదాపు 58 మీటర్లు పరిగెడుతుంది. గట్టిపరిచిన ఉక్కుకు వాడే తెల్ల రాయి మట్టిపాత్రలాగా కాల్చి చేసినది, సాధారణంగా దాని హద్దు 35 మీటర్లు. రాయిని చీల్చే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది తట్టుకోవలసిన దానికన్నా రెండున్నర రెట్లకు పైగా భారం పడుతుంది. యాంగిల్ గ్రైండర్‌తో వచ్చే బిళ్ళలో గాజునార వల ఉంటుంది, దాని హద్దు 80 మీటర్లు. వల లేని రాయిని అక్కడ పెట్టడమంటే ప్రాణంతో చెలగాటమే. "పగిలిందంటే నీ మొఖానికో నా మొఖానికో వస్తది బిడ్డా" అన్నారు.

బెల్టు యూనిట్ అన్నిటికన్నా మేలైనదని ఆయనకు తెలుసు. ముందుగా బిగువు సరిచేసిన బేరింగులు, మోటారు కంపనం ఇరుసుకు చేరనివ్వని బెల్టు, పుల్లీ మార్చి వేగం ఎంచుకునే వీలు దాని సొత్తు. కానీ దాన్ని వద్దనుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. పెద్ద లేత్‌ల కోసం చేసిన ఆ బరువు చిన్న లేత్ స్లైడు మీద పెడితే స్లైడే ఒరుగుతుంది. వందో వంతు కోసం తెచ్చిన యంత్రమే ఆ వందో వంతును మింగేస్తుంది.

మిగిలింది స్ట్రెయిట్ గ్రైండర్. మెడ 43 మిల్లీమీటర్లు, వేగం తగ్గించుకునే చక్రం ఉన్నది ఎంచుకున్నారు. 25 మిల్లీమీటర్ల రాయిని 25,000 చుట్ల దగ్గర తిప్పితే అంచు వేగం 33 మీటర్ల లోపే ఉంటుంది. అదే వేగంలో 40 మిల్లీమీటర్ల రాయి పెడితే 52 దాటుతుంది. ఈ ఒక్క లెక్క తెలియక చెడిపోయే దుకాణాలు లేకపోలేదు. 25 మిల్లీమీటర్లకు మించిన రాయి ఎక్కించరాదని ఆయన గ్రైండర్ ఒంటి మీదే ఎర్ర రంగుతో రాశారు. 30వ సెక్షన్ పేరు ఆయన విని ఉండరు.

బిగింపు దగ్గర ఆయన పనితనం కనిపిస్తుంది. రాతి ఇరుసు లేత్ ఇరుసుతో సమాన ఎత్తులోనూ, సమాంతరంగానూ ఉండాలి. కొలిచి చేస్తే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. అందుకని ఆయన కొలవలేదు. పోత ఇనుప దిమ్మెను క్రాస్ స్లైడుకు బోల్టులతో బిగించి, లేత్ ఇరుసుకే కోత పనిముట్టు తగిలించి, ఆ దిమ్మెలో రంధ్రం తొలిచారు. యంత్రం తన ఇరుసుతో తానే తొలుచుకున్న రంధ్రం ఎత్తులో తప్పే వీలు లేదు. ఆ తరువాత దిమ్మెకు ఒక పక్క చీలిక కోసి, బోల్టుతో గ్రైండర్ మెడను నొక్కి పట్టేలా చేశారు.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం ఒకటుంది. దిమ్మెకు చోటు కావాలంటే కాంపౌండ్ స్లైడును తీసేయవలసి వచ్చింది. అది ఉంటే కోణం పెట్టి రాయిని సన్నసన్నగా జరపవచ్చు, లేత్ సెంటరు మొనను కూడా 60 డిగ్రీలకు సానపట్టుకోవచ్చు. ఇప్పుడు క్రాస్ స్లైడు హ్యాండిల్‌నే తిప్పుతూ, పక్కన అయస్కాంతపు స్టాండుకు పెట్టిన డయల్ గేజీ ముల్లును చూస్తూ జరపాలి. తన పని గుండ్రటి పిన్నులే కాబట్టి ఆయనకు ఇది నష్టమనిపించలేదు. సెంటర్లు సానపట్టుకోవలసిన టర్నర్‌కు ఈ అమరిక చాలదు.

ఈ మొత్తానికి ఆయన పెట్టింది సొంత డబ్బే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల సాయం, ఆపైన తక్కువ వడ్డీ రుణం ఉన్నాయి. అందులోని 18 వృత్తుల్లో కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, పడవ కట్టేవాడూ ఉన్నాడు. టర్నర్ లేడు, నేతగాడూ లేడు. 1999లో మొదలైన జౌళి సాంకేతిక ఆధునికీకరణ నిధి కొత్త మగ్గం కొనే యజమానికి అండగా నిలిచింది, నిలవవలసిందే. ఆ మగ్గం పదిహేనేళ్ళ తరువాత కూడా నడవడానికి ఎవరి చేతులు కావాలో ఆ ఫైళ్ళలో ఎక్కడా లేదు. ఐటీఐలో రెండేళ్ళు టర్నర్ కోర్సు నేర్పే ప్రభుత్వమే, పథకాల జాబితా రాసేటప్పుడు ఆ వృత్తి పేరు మరచిపోవడం విడ్డూరం.

మొదటి పిన్ను ఎక్కించిన రాత్రి ఆయన తొందరపడలేదు. బిగించే ముందు రాయిలో పగులేమైనా ఉందేమోనని భూతద్దంతో చూశారు. మొదటి నిమిషం పక్కకు నిలబడి ఊరికే తిరగనిచ్చారు. చక్‌లో వజ్రపు మొనను పట్టించి, క్యారేజీని దాని ముందు నుంచి నడిపి రాతి ముఖాన్ని సరిచేశారు. గట్టి ఉక్కుకు మెత్తని బంధం ఉన్న రాయే వాడాలన్నది కొత్తవారికి వింతగా తోస్తుంది. మొద్దుబారిన రేణువు రాలిపోయి కొత్తది బయటపడాలంటే అది తప్పదు. ఒక్కో విడతకు మిల్లీమీటరులో వందో వంతుకు మించి జరపలేదు. చివర రాయిని ముందుకు నెట్టకుండానే, నిప్పురవ్వలు ఆగేదాకా నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిపారు.

బెడ్ మీద తడిపిన మందపాటి కాగితం పరిచారు. గుడ్డ పరిస్తే చక్‌కు చుట్టుకునే ప్రమాదం ఉంది. మేనల్లుడు అయస్కాంతం తెచ్చి కింద పెట్టాడు. అది ఉక్కు పొడిని పట్టింది కానీ రాతి పొడిని పట్టదు, లేత్ దారులను అరగదీసేది ఆ రాతి పొడే. పని ముగిశాక కాగితం మడిచి తీసేసి, స్లైడును విప్పి, కిరోసిన్‌తో తుడిచి, మళ్ళీ నూనె రాసి బిగించారు. రెండు పిన్నులకు గంటన్నర పట్టింది. అందులో నలభై నిమిషాలు ఈ తుడవడానికే పోయాయి. మగ్గం యజమాని పిన్నుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బులో ఆ నలభై నిమిషాలు లేవు.